ఆరిందా అంటే ఆరిందన్నారు

బందరు ఆడవాళ్ళ ఆసుపత్రిలో నేను నర్సుగా చేసిన ఉద్యోగం మొత్తంలో నాకు బాగా పేరు తెచ్చిన పని ఒక బస్తా పటిక కొనడం. ఆ బేరం తలుచుకుంటే, మీసం లేదు గానీ, ఉంటే ఇప్పటికీ మెలేసేదాన్ని. అమ్మినవాడు గుడివాడ బజారులో చిల్లర కొట్టు మనిషి, బేరంలో మొండివాడు, పైగా మా నాన్న.

నేను వెళ్ళింది ఒక చిన్న సంచెడు పటిక కోసం. "బస్తా ఉంది, తీసుకుపో. వానకి తడిసి అడుగున గట్టిపడింది. దానికి తగ్గట్టే ధర వేస్తాను" అన్నాడు.

"కన్నకూతురి దగ్గర కూడా లాభం వేసుకుంటావా నాన్నా?"

"నా కూతురికైతే ఊరికే ఇస్తాను. ఆసుపత్రి నా కూతురా?"

"ఆసుపత్రి సంచెడే అడిగింది. బస్తా అంటగడుతున్నది నువ్వు. అంటగట్టేవాడు ధర దిగాలి."

దిగాడు. ఇంకా దిగాడు. చివరికి తక్కెడ పక్కన పెట్టేసి, "నిన్ను నర్సు పనికి పంపించి కొట్టు చెడగొట్టుకున్నాను" అన్నాడు. మా నాన్న నన్ను మెచ్చుకోవడం అదొక్కసారే. బస్తా రైలెక్కించి బందరు తెచ్చాను. ఆసుపత్రి సామాన్ల గది తాళాలు నా నడుముకే ఉండేవి. మా డాక్టరమ్మ బస్తా చూసి, ధర విని, పదిమంది ముందు నన్ను పొగిడింది.

అంత చెడ్డ నిర్ణయం నేను మళ్ళీ తీసుకోలేదు. ఎందుకు చెడ్డదో, ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిల కోసం రాస్తున్నాను. ఇవన్నీ యాభైల చివర, అరవైల మొదట్లో సంగతులు. అప్పటికి ఇప్పుడున్న మందులు లేవు. ఇప్పుడున్న సిగ్గు అప్పుడూ ఉంది.

సరుకు కదలాలి

మా వైపు కాలవ నీళ్ళు ఎర్రగా, బురదగా వస్తాయి. కుండలో పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పితే మట్టి అడుక్కి దిగిపోతుంది. అందుకే ప్రతి కొట్లోనూ పటిక ఉంటుంది. ఆసుపత్రిలో దానికి ఇంకో పని ఉండేది. తెల్లబట్టతో బాధపడే ఆడవాళ్ళకు గోరువెచ్చని నీళ్ళలో పటిక కలిపి, రబ్బరు గొట్టం డబ్బాతో లోపల కడిగేవాళ్ళం. దాన్ని డూష్ అనేవాళ్ళం. పటిక తడిని లాగేస్తుంది, ఒంటిని బిగదీస్తుంది. డాక్టరమ్మ ఎవరికైనా రాస్తే ఒక వారం రాసేది.

నేను కొట్లో పెరిగినదాన్ని. సరుకు కదలకుండా కూర్చుంటే నాకు మనసు స్థిమితంగా ఉండదు. వారం అయిపోయాక కూడా, "ఇంకొన్నాళ్ళు వాడమ్మా, మంచిది" అని పొట్లం కట్టి ఇచ్చేదాన్ని. పొట్లం కట్టడం నాకు నడక కన్నా ముందు వచ్చిన విద్య. తెల్లబట్ట ఉన్నవాళ్ళతో మొదలై, ముట్లుడిగాక కింద మంట, దురద అని వచ్చేవాళ్ళ దాకా వెళ్ళింది నా పొట్లం. "వేడి చేసిందమ్మా" అనేవాళ్ళు వాళ్ళు. అంతకు మించి నోరు తెరవరు. నేనూ తెరిపించలేదు. మంట ఎక్కువైందని ఎవరైనా తిరిగి వస్తే, మందు పట్టు పట్టిందని చెప్పి ఇంకాస్త చిక్కగా కలుపుకోమన్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు కలం మొరాయిస్తోంది. అప్పుడు మాత్రం నోరు మొరాయించలేదు.

మళ్ళీ వచ్చినప్పుడు నేను వేసే ప్రశ్న ఒక్కటే.

"ఆరిందా?"

పుండు మానితే ఆరిందంటాం కదా, ఆ అర్థంలో అడిగేదాన్ని. వాళ్ళు తలవంచుకుని, "ఆరిందమ్మా" అనేవాళ్ళు. నాకు సంతోషం. డాక్టరమ్మది మలయాళ దేశం. ఆవిడకు వచ్చిన తెలుగు నా దగ్గర నేర్చుకున్నదే. ఆరిందంటే నయమైందని నేనే నేర్పాను. ఇలా ఒక మాట మీద ఆసుపత్రి నడిచింది.

నాంచారమ్మ

నాంచారమ్మది గిలకలదిండి. మొగుడు వీరాస్వామి సముద్రం మీదికి వెళ్ళేవాడు. అతను తెచ్చిన పచ్చి చేపలో అమ్ముడుపోనిది ఉప్పు పట్టించి ఎండబెట్టి, పచ్చిదీ ఎండుదీ గంపలో నెత్తిన పెట్టుకుని బందరు వీధుల్లో అమ్మేది. నేను బేరంలో ఓడింది ఇద్దరి దగ్గరే, మా నాన్న దగ్గర అప్పుడప్పుడు, ఈవిడ దగ్గర ఎప్పుడూ.

"ఈ చేప నిన్నటిది" అంటాను నేను.

"నువ్వూ నిన్నటిదానివే గదమ్మా, నిన్ను పారేశామా?" అంటుంది ఆవిడ.

ముట్లుడిగిన కొన్నేళ్ళకు ఆవిడకు మళ్ళీ రక్తం కనిపించింది. మా డాక్టరమ్మ చూసి, గర్భసంచి ముఖద్వారంలో పుండు పుట్టిందనీ, అది చెడ్డ జాతి పుండనీ తేల్చింది. పై ఊరి పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ కరెంటు పెట్టారు. జనం మాటే రాస్తున్నాను, రేడియంతో చేసే వైద్యాన్ని మా వైపు అలాగే అంటారు. చాలామంది అక్కణ్ణుంచి తిరిగి రాలేదు. నాంచారమ్మ వచ్చింది. చిక్కి సగమై, గంప మాత్రం వదలకుండా వచ్చింది.

కరెంటు పెట్టాక కొన్నాళ్ళు నీరు కారుతుంది. కడుగుతూ ఉండమని అక్కడి వాళ్ళు చెప్పి పంపారు. దేంతోనని నన్నడిగింది. నా దగ్గర ఏముందో మీకు తెలుసు.

నెలకోసారి చూపించుకోడానికి వచ్చేది. డాక్టరమ్మ లోపల చూసి, రోగం తిరిగి రాలేదని చెప్పేది. అది నిజం. ఆవిడ వెతికింది రోగాన్ని. రోగం లేదు. బయటికొచ్చాక నేను అడిగేదాన్ని, "ఆరిందా నాంచారమ్మా?"

"ఆరిందమ్మా."

ఇంకో పొట్లం.

కొన్ని నెలల తర్వాత ఆవిడ రావడం మానేసింది. వీధిలో గంప కూడా కనబడలేదు. ఒకరోజు వీరాస్వామి వచ్చి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేతిలో నలుపుతున్నాడు.

"ఆవిడికి నయమైందని తమరే గదండీ చెప్పారు?"

"అవును. రోగం పోయింది."

"రోగం పోయిన మడిసి ఇంట్లో ఉండదేంటండీ? చేపలెండబెట్టే దిబ్బ మీద పాక ఉందండీ, అందులో పడుకుంటంది. చేప కాపలా అంటది. ఎవరెత్తుకుపోతారండీ ఎండు చేప? దగ్గరికెళ్తే కసురుకుంటది. నాగాయలంకలో వాళ్ళ చిన్నమ్మ కూతురుందండీ, మొగుడు పోయినావిడ. ఆవిడ్ని చేసుకోమంటంది నన్ను. కబురు కూడా పంపిందండీ."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటానండీ. నాకీ వయసులో కొత్త మడిసెందుకు?" అని తలగుడ్డ భుజాన వేసుకుని, "ఒక్కణ్ణే వడ్డించుకు తింటన్నానండీ. అదేం బాగోలేదు" అన్నాడు.

నేను మాట్లాడి ఒప్పిస్తానని చెప్పి పంపాను. బేరగాళ్ళకు ఉండే జబ్బు అదే. ఎదుటివాడు దేనికి ఏడుస్తున్నాడో తెలియకముందే ధర చెప్పేస్తాం.

నా సంగతి

ఇక్కడ నా విషయం చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు.

నాకు పెళ్ళి కాలేదు. నా బేరాల్లో కుదరనిది అదొక్కటే. నర్సుల గదుల్లో చివరి గది నాది. నాంచారమ్మదీ నాదీ ఇంచుమించు ఒకే వయసు. నాకూ ముట్లు ఆగాయి. ఆగాక ఒక దురద, ఒక రాపిడి మొదలైంది. కూర్చుంటే ఒక రకం, నడిస్తే ఒక రకం. మూత్రానికి వెళితే కారం రాసినట్టుండేది. నా సరుకు మీద నాకు నమ్మకం కనుక నేనూ అదే పటిక నీళ్ళు వాడాను. పైన ముదురు ఎరుపు మందు సబ్బుతో కడిగేదాన్ని, ఘాటుగా మందు వాసన వచ్చేది. వాసన ఉంటే శుభ్రం అనుకునే రోజులు. ఆదివారం చర్చిలో బల్ల మీద కూర్చోలేక, పిల్లలని అదుపు చేసే వంకతో వెనక నిలబడేదాన్ని. పాస్టరుగారు నా సేవకు మెచ్చుకున్నారు కూడా.

ఎవరికి చెప్పను? డాక్టరమ్మకు చెబితే, పెళ్ళి కాని మనిషికి ఈ బాధేమిటని అడుగుతుందేమోనని భయం. ఆవిడ అడిగేది కాదని ఇప్పుడు తెలుసు. ఆసుపత్రి నిండా ఆడవాళ్ళే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాళ్ళ కింది సంగతులే నా పని. నా సంగతి పెట్టడానికి మాత్రం ఆ భవనంలో ఒక గూడు కూడా లేదు.

దిబ్బ మీద

గిలకలదిండి రిక్షాలో వెళ్ళాను. రాళ్ళ దారిలో రిక్షా ఎగిరినప్పుడల్లా నేను పళ్ళు బిగబట్టడం రిక్షావాడు చూసి, "నెమ్మదిగా పోనిమ్మంటారా అండీ" అన్నాడు. వద్దన్నాను. నెమ్మదిగా పోతే ఇంకాసేపు పడుతుంది.

నాంచారమ్మ తాటాకు చాపల మీద చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"చేపకొచ్చావా, నాకొచ్చావా?"

"నీకే. మొగుణ్ణి అమ్మకానికి పెట్టావంట. ధరెంతో కనుక్కుందామని."

"నువ్వు కొనవులే. నీకు బేరం తప్ప సరుకొద్దు."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. పక్కన కూర్చోబోయి, కూర్చోలేక, ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డాను.

"ఏంటి నాంచారమ్మా ఇది? రోగం పోయిందని డాక్టరమ్మ చెప్పింది. ఆరిందని నువ్వే చెప్పావు. ఇంకేం బాధ?"

ఆవిడ చేతిలో చేప అలాగే ఆగిపోయింది. నా వైపు చూసింది. ఆ చూపు కింద నేను చిన్నపిల్లనైపోయాను.

"ఆరిందా అన్నావు, ఆరిందన్నాను. ఆరింది గనకే గదా నా ఏడుపు! ఇదిగో, ఈ చేప చూడు. ఆరిందా?"

"ఆరింది."

"మరి దీనికి నయమైనట్టా?"

ఆ చేపను నా చేతిలో పెట్టింది.

"లోపలంతా ఇట్టా ఉందమ్మా. ఎండి, బిగిసి. నువ్విచ్చిన పొట్లం కలిపి కడిగినప్పుడల్లా ప్రాణం పోయేది. మంటతో పాటు ఒకసారి ఎర్రగా చుక్క కనబడింది. అర్థమైపోయింది నాకు. అది మళ్ళీ వచ్చేసింది. మీరు నా ముఖం చూసి చెప్పలేక బాగుందంటన్నారు. ఆయనొకసారి దగ్గరికొచ్చాడు. కత్తితో కోసినట్టై అరిచాను. నేను కొట్టానా, గిచ్చానా అని బిక్కచచ్చిపోయాడు మడిసి. ఎట్టా చెప్పను? పోయేదాన్ని ఎట్టాగూ పోతాను. ఆయనకి అన్నం పెట్టే మడిసిని చూసి పోదామని."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను గదా. నెలనెలా చెప్పాను. నువ్వు పొట్లం కట్టావు."

అమ్మాయిలూ, ఆవిడ చెబుతున్న మంట ఎలాంటిదో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు, అది నా చీర మడతల్లోనే ఉంది. ఆ క్షణాన నేను కూడా కసురుకుని రిక్షా ఎక్కేయగలిగేదాన్ని. ఎక్కలేదు. "చుక్క కనబడిందంటే మాత్రం రేపే రావాలి, నడవలేకపోతే నేనే రిక్షా పంపుతాను" అన్నాను. "వచ్చి?" అంది. "పొట్లం ఇవ్వను" అన్నాను. అప్పుడు లేచింది.

డాక్టరమ్మ

నేను చూసిన పెద్దల్లో ఈవిడ మంచిది. చెయ్యి మంచిది, కోపం నిమిషం కన్నా నిలవదు. లోపమల్లా ఒకటే, రోగి మాట మధ్యలో ఉండగానే చేతులు కడుక్కోవడానికి లేచేది. మర్నాడు వచ్చిన నాంచారమ్మను చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పక్క గదిలోకి పిలిచింది.

"రోగం రాలేదు. పొర పల్చబడి చిట్లింది, అంతే రక్తం. సిస్టర్, నాకొకటి చెప్పు. ఆరింది అంటే ఏమి?"

చెప్పాను. రెండు అర్థాలూ చెప్పాను. పటిక ఎన్నాళ్ళు ఇచ్చానో, ఎవరెవరిని చిక్కగా కలుపుకోమన్నానో, అదీ చెప్పాను.

ఆవిడ కిటికీ వైపు చూస్తూ, "ఎన్నిసార్లు చూశాను ఆ మనిషిని. నొప్పి ఉందా అని ఒక్కసారి అడగలేదు. నేనూ నీ మాటే పట్టుకున్నాను" అంది. తిట్టి ఉంటే తేలికయ్యేది.

తర్వాత చెప్పింది. పటిక ఆపాలి. మందు సబ్బు ఆపాలి. మామూలు నీళ్ళు చాలు, అవీ పైన మాత్రమే. శుభ్రమైన కొబ్బరి నూనె రాసుకోవాలి, లోపల కూడా, వేలితో, నెమ్మదిగా, దారి మూసుకుపోకుండా. మొగుడితో ఉండటం తొందర లేదు, నొప్పి లేని రోజు చూసుకుని, నూనెతో. రక్తం కనబడితే ఇంట్లో ఊహించుకోకుండా వెంటనే రావాలి. ముట్లుడిగాక ఒంట్లో తగ్గిపోయిన రసాన్ని మందుగా ఇచ్చేవి కొత్తగా వస్తున్నాయనీ, కానీ ఈవిడకు వచ్చిన రోగం తర్వాత అవి ఇవ్వడానికి తనకు ధైర్యం చాలదనీ కూడా చెప్పింది. మిగిలిన పటిక వంటింటి నీళ్ళ కుండలకు పంపించమంది.

"ఇంకేమైనా ఉందా సిస్టర్?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు మళ్ళీ దొరకలేదు. తలుపు వేసి ఉంది. ఆవిడ చేతులు కడుక్కోవడానికి లేవలేదు కూడా.

"ఏం లేదండీ" అన్నాను.

నూనె సీసా

వీరాస్వామితో మాట్లాడటం నా వంతు వేసుకున్నాను. పడవ పక్కన వల బాగుచేసుకుంటున్నాడు. మగవాడితో ఈ మాటలు మాట్లాడటం అదే మొదలు. అతని కన్నా నాకే ఎక్కువ చెమటలు పట్టాయి.

"రోగం మళ్ళీ రాలేదు. మందు ఎక్కువై లోపల ఒరుసుకుపోయింది. తప్పు మాది, ఆవిడది కాదు, నీదీ కాదు."

"అంటుకుంటదంటన్నారండీ ఊళ్ళో."

"అంటుకునేదైతే ముందు నాకు అంటుకోవాలి. నేను నీ ఎదురుగానే ఉన్నాను."

"మరెన్నాళ్ళు ఆగాలండీ?"

"ఆవిడ పిలిచేదాకా."

"పిలవకపోతేనో?"

"పిలవకపోతే పక్కన పడుకుని నిద్రపో. దానికి పిలుపెందుకు?"

వల ముడి ఒకటి బిగించాడు. "అంతేనా అండీ? అదైతే నాకు చాలండీ" అన్నాడు. నేను బేరమాడటానికి ఎన్ని మాటలు మూటగట్టుకు వెళ్ళానో, అవన్నీ వాడకుండానే వెనక్కి తెచ్చుకున్నాను.

నూనె సీసా ఇవ్వడానికి నాంచారమ్మ దగ్గరికి నేనే వెళ్ళాను. ఎలా వాడాలో చెప్పాను. శ్రద్ధగా విని, సీసా మూత వాసన చూసి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మొన్న దిబ్బ మీద నువ్వు కూర్చోలేదు."

"ఇసక కాలింది."

"ఇసక కాలితే నిలబడతారా ఎవరన్నా? నీకూ నా ఈడే గదమ్మా."

"అయితే?"

"నాకు మొగుడున్నాడు గనక సంగతి బయటపడింది. నీకు లేడు గనక నిన్నెవరూ అడగరు. అంతేగదా?"

నేను సంచి తీసుకుని బయల్దేరబోయాను. ఆవిడ లోపలికి వెళ్ళి ఇంకో ఖాళీ సీసా తెచ్చి, నేనిచ్చిన నూనెలో సగం అందులో పోసి, నా సంచిలో పెట్టింది. "బేరం ఆడకు" అంది.

ఆడలేదు. ఆ సీసా నాకు పనిచేసింది. పూర్తిగా అని చెప్పను, నా ఒళ్ళు మునుపటిలా కాలేదు. కూర్చోగలిగాను. చర్చిలో బల్ల మీద చోటు దొరికింది. పాస్టరుగారు మాత్రం పిల్లల మీద నా శ్రద్ధ తగ్గిందన్నారు.

నాంచారమ్మ నాగాయలంకకు మళ్ళీ కబురు పంపింది, రావద్దని. వానలు మొదలయ్యేనాటికి పాక ఖాళీ చేసింది. లోపలి విషయం నేనడగలేదు. ఒకరోజు గంప దించి, "ఆయన పక్కన గురక పడలేక చస్తన్నానమ్మా" అని తిట్టింది. ఆ తిట్టుతో పాటు చేప కూడా కొన్నాను, అడిగిన ధరకు.

పటిక ఖరీదు

తర్వాత నేను "ఆరిందా" అని ఎవరినీ అడగలేదు. మంటగా ఉందా, ఒరుసుకుంటోందా, మొగుడితో ఉంటే నొప్పా, కూర్చోగలుగుతున్నావా, ఇలా ఒక్కొక్కటే అడిగాను. మొగుడు లేనివాళ్ళను, ముసలివాళ్ళను కూడా అడిగాను. వాళ్ళు ముందు కోప్పడతారు. తర్వాత కూర్చుంటారు, లేదా కూర్చోలేక నిలబడతారు. రెండూ జవాబులే. మీరూ అడగండి. మీ పక్క గదిలో పడుకునే సిస్టరును కూడా అడగండి.

ఇక ఆ బస్తా లెక్క. మా నాన్న దించిన ధర నిజంగానే చవక. నేను దాన్ని గొప్ప బేరం అనుకున్నాను గానీ, దించిన భాగం ఎక్కడికీ పోలేదు, దాన్ని వేరేవాళ్ళు కట్టారు. పొట్లం పట్టుకెళ్ళి, "ఆరిందమ్మా" అని చెప్పి, మళ్ళీ రాని ఆడవాళ్ళు. అవనిగడ్డ నుంచి, గుడివాడ నుంచి, లంకల నుంచి వచ్చినవాళ్ళు. రాలేదు గనక నయమైందనుకున్నాను. వాళ్ళు ఎంతమందో, ఏ పాకల్లో పడుకున్నారో నాకు తెలియదు, తెలిసినట్టు రాయను. ఆ బాకీ కింద పేరు రాయగలిగేది ఇద్దరిదే. ఒకరు నాంచారమ్మ. ఆవిడ తన వంతు కట్టి, పైగా సగం సీసా నాకు వదిలేసింది. రెండోదాన్ని నేను. డాక్టరమ్మ "ఇంకేమైనా ఉందా" అన్న రోజున "ఏం లేదండీ" అన్నాను. నాంచారమ్మకు వచ్చిన రోగం నాకు లేదు, ఆ కొత్త మందు నాకైనా దొరికేదేమో. నా వంతులో ఆ మాట ఖరీదే ఎక్కువ.